ఆ సందు మీదే కన్నుండాలి



విజయనగరంలో ఎం.టెక్ ప్రాజెక్టుకి స్క్రోల్ ఎక్స్‌పాండర్ మీద సీఎఫ్‌డీ (ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కగట్టడం) తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసిందమ్మా. నా ఉద్యోగమంతా కంప్రెసర్ల మధ్యే గడిచింది కాబట్టి, నువ్వు అడక్కపోయినా నాకు తెలిసింది రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు యంత్రాన్ని చేత్తో పట్టుకో. కారు ఏసీల్లోని స్క్రోల్ కంప్రెసర్ పాత సామాన్ల కొట్లో దొరుకుతుంది. విప్పి చూస్తే, పెట్టెలో జంటగా వచ్చే మస్కిటో కాయిల్స్‌లా రెండు చుట్టలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఒకటి కదలదు. రెండోది తన చుట్టూ తాను తిరక్కుండానే ఒక చిన్న వలయంలో కదులుతుంది. వాటి మధ్య నెలవంకల్లాంటి గదులు ఏర్పడతాయి. కంప్రెసర్లో ఆ గదులు అంచు నుంచి మధ్యకి వస్తూ కుంచించుకుపోతాయి. ఎక్స్‌పాండర్లో వేడి ఆవిరి మధ్యలో దూరి, బయటికి పోతూ వ్యాకోచించి, షాఫ్టును తిప్పుతుంది. లియోన్ క్రూ అనే ఫ్రెంచి ఆయన 1905లోనే దీనికి అమెరికా పేటెంటు తీసుకున్నాడు. మార్కెట్లోకి రావడానికి మాత్రం 1980ల దాకా పట్టింది. చుట్టల మధ్య సందును మైక్రాన్లలో నిలబెట్టేలా లోహాన్ని చెక్కే యంత్రాలు అప్పటిదాకా లేవు. అన్నేళ్లు అడ్డుపడిన ఆ సందే నీ సిమ్యులేషన్‌కీ అడ్డుపడుతుంది.

గది వెడల్పు సెంటీమీటర్ల లెక్క, సందు పదుల మైక్రాన్ల లెక్క. ఒకే మెష్‌లో రెండూ ఇమడాలి, పైగా షాఫ్టు తిరిగే ప్రతి డిగ్రీకీ ఆ మెష్ రూపు మారుతూ ఉండాలి. సందుకి అడ్డంగా ఒక్క సెల్ పెట్టి ఊరుకుంటే కారే ఆవిరి లెక్క తప్పుతుంది, ఎఫిషియెన్సీ ఎంతొచ్చినా దానికి అర్థముండదు. సందులో సెల్స్ పెంచుతూ పో, కారే మొత్తం మారడం ఆగేదాకా. ఒక పూర్తి చుట్టులో లోపలికి వెళ్లిన ద్రవ్యరాశీ బయటికి వచ్చిందీ సమానం కాకపోతే ఆ ఫలితాన్ని ఎవరికీ చూపించకు. రంగురంగుల పీడనం బొమ్మలు తప్పు లెక్కలోనూ అందంగానే వస్తాయి తల్లీ.

ముందు టూడీలో చేస్తావు, అందరూ అలాగే మొదలెడతారు. కానీ టూడీలో గోడ పక్క నుంచి కారేదే కనిపిస్తుంది. చుట్టల తలల మీంచి, టిప్ సీల్ ఉండే చోట, దాటిపోయే ఆవిరి ఆ మోడల్‌లో లేనే లేదు. ఆ దారి చుట్ట పొడవునా ఉంటుంది కనక చిన్నచూపు చూడకు. టూడీ అంకెను యంత్రం ఎఫిషియెన్సీ అని థీసిస్‌లో రాయకు.

ఆవిరిని ఆదర్శ వాయువుగా తీసుకోకు. R245fa అనే రిఫ్రిజరెంట్ 100 డిగ్రీల దగ్గర సంతృప్త ఆవిరిగా ఉన్నప్పుడు సాంద్రతలో దాదాపు పావు వంతు తేడా వస్తుంది. కూల్‌ప్రాప్ ఉచితంగా దొరుకుతుంది, గుణాల పట్టికలు అందులోంచి తీసుకో. ఆ వాయువు భూతాపాన్ని బాగా పెంచే రకం. అలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించే కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది కాబట్టి, భూతాపాన్ని తక్కువగా పెంచే R1233zd(E)తో కూడా ఒకసారి నడిపి చూడు.

ఇంకో చిక్కుంది. మన ఎండల్లో ఆవిరిని చల్లార్చే కండెన్సర్ 40 డిగ్రీల కిందికి దిగడం కష్టం. 100 నుంచి 40కి R245fa ఆవిరి సుమారు ఐదింతలు వ్యాకోచించాలి. ఏసీ స్క్రోల్ కట్టడంలో ఉండే నిష్పత్తి సాధారణంగా రెండు, మూడు. మిగిలిన పీడనం పని చేయకుండానే బయటికి పోతుంది. ఇది తేల్చడానికి సీఎఫ్‌డీ అక్కర్లేదు, కాగితం మీద ఒక పూట పని. లీజ్ విశ్వవిద్యాలయంలో లెమోర్ బృందం 2009లో ప్రచురించిన సెమీ ఎంపిరికల్ మోడల్ చదువు. వాళ్లు పరీక్షించిన స్క్రోల్ గరిష్ఠంగా 68 శాతం ఐసెంట్రోపిక్ ఎఫిషియెన్సీ ఇచ్చింది. నీకు 85 వచ్చిందంటే ముందు సందు వైపు చూడు.

ఈ ఆవిరికి వేడి ఎక్కడిదని గైడ్ అడుగుతారు. ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసుల పేరు చెప్పబుద్ధేస్తుంది కానీ, అంత వేడికి టర్బైనే తగినది. స్క్రోల్‌ది కొన్ని కిలోవాట్ల లెక్క. పలాస వెళ్లు. జీడి పిక్కలు ఉడకబెట్టే బాయిలర్ల దగ్గర పొగగొట్టం ఉష్ణోగ్రత రోజంతా గంటగంటకీ రాసుకో. 100కీ 40కీ మధ్య కార్నో హద్దే 16 శాతం, అందులో సగం దక్కినా గొప్పే. బాయిలర్ పొద్దున్న వెలిగి సాయంత్రం ఆరిపోతే ఎన్ని యూనిట్ల కరెంటొస్తుందో లెక్కగట్టు. ఆ యజమానికి పనికొచ్చే అంకె అదే. నీ ఇన్‌లెట్ కండిషన్లు కూడా అక్కడి నుంచే రావాలి, ఏదో పేపర్లోంచి కాదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కంప్రెసర్ విప్పి తీసుకురా. డయల్ గేజీ నా దగ్గరుంది, సందు ఇద్దరం కలిసి కొలుద్దాం.

ఇట్లు,
మీ మావయ్య