రౌటర్ కొనేముందు బయోమెట్రిక్ మిషన్ చూడండి

చైతన్యపురి మెట్రో చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల ఆఫీసులు ఎలా పెరిగాయో వాటి నెట్‌వర్కూ చాలావరకు అలాగే పెరిగింది. పై ఫ్లోర్ అద్దెకు దొరికితే ఒక కేబుల్ లాగి స్విచ్ తగిలించారు. పక్క బిల్డింగ్ దొరికితే ఆ స్విచ్‌కే ఇంకోటి. స్విచ్ అంటే పోర్టులు ఎక్కువున్న బ్రిడ్జే కాబట్టి, మూడొందల సిస్టమ్‌లైనా ఒక్క గదిలో ఉన్నట్టే లెక్క. ఒకటి బ్రాడ్‌కాస్ట్ వేస్తే అన్నీ వినాలి. ఒకే కేబుల్ రెండు కొసలూ ఎవరైనా ఒకే స్విచ్‌లో గుచ్చారా, ఆ బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు తిరుగుతూనే ఉంటాయి. ఐపీ ప్యాకెట్‌కైతే టీటీఎల్ ఉంది, ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది. ఈథర్నెట్ ఫ్రేముకు ఆ లెక్కే లేదు.

లూపులు ఆపడానికి రేడియా పెర్ల్‌మన్ 1985లో కనిపెట్టిన స్పానింగ్ ట్రీ ఉందిగా అంటారు. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో అదే చేతులెత్తేసింది. స్విచ్ వెనక స్విచ్ కలుపుకుంటూ, ఏడు హాప్‌ల సిఫార్సు దాటిపోయారు. నాలుగు రోజులు కాగితాల మీదే పని నడిచింది.

దీనికి మందు నెట్‌వర్క్‌ను రౌటింగ్‌తో విడగొట్టడమే. ఒక లేయర్ త్రీ స్విచ్, ఫ్లోరుకో వీల్యాన్, ఫ్లోరుకో సబ్‌నెట్: కాన్ఫిగరేషన్ ఒక సాయంత్రం పని. ప్రాణం తీసేది అది కాదు. గేట్‌వే ఖాళీగా వదిలేసిన బయోమెట్రిక్ మిషన్ ఇన్నాళ్లూ హాజరు పంపింది, ఎందుకంటే సర్వర్ అదే నెట్‌వర్క్‌లో ఉంది. రౌటర్ మధ్యలోకి రాగానే అది మూగబోతుంది. సబ్‌నెట్ మాస్క్ 255.255.0.0 అని కొట్టిన ప్రింటరూ అంతే. ప్రాక్సీ ఆర్ప్ ఆన్‌లో ఉంటే అది పనిచేస్తున్నట్టే ఉంటుంది, ఇది ఇంకా ప్రమాదం. కంప్యూటర్ పేరు కొట్టి షేర్డ్ ఫోల్డర్ తెరిచే అకౌంటెంట్‌కు, డీఎన్ఎస్‌లో ఆ పేరు లేకపోతే, మర్నాడు ఫోల్డరే కనిపించదు.

వీటిని ముందే పట్టే ఉపాయం ఒకటుంది. పని గంటల్లో ఆర్ప్ టేబుల్ తీసి, డీహెచ్‌సీపీ లీజుల పక్కన పెట్టండి. మొదటిదానిలో ఉండి రెండోదానిలో లేనివన్నీ ఎవరో చేత్తో అడ్రస్ కొట్టినవే. ఒక్కోదాని దగ్గరికీ నడిచివెళ్లి చూడండి. మేనేజర్‌ని అడిగి లాభం లేదు, ఆఫీస్ బాయ్‌కి తెలుస్తుంది ఏ మిషన్ ఎక్కడుందో.

బ్రాడ్‌కాస్టులు రౌటర్ దాటవు గనుక ప్రతి వీల్యాన్‌కీ డీహెచ్‌సీపీ రిలే పెట్టాలి. విండోస్ సర్వర్ మామూలుగా ఇచ్చే లీజు 8 రోజులు. మార్పుకు అంతకంటే ముందే దాన్ని గంటకు దించండి. ఆదివారం ఖాళీ అనుకోకండి, చాలా సెంటర్లలో పరీక్షలు ఆ రోజే. ఒక్కో రాత్రి ఒక్కో ఫ్లోర్ మార్చండి, పాత కాన్ఫిగరేషన్ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. ఫీజు కౌంటర్ ఉన్న ఫ్లోర్ మాత్రం ఆఖరున.