వెబ్‌సైటు తయారీ: మొదట చదివేవారి ఫోను చూడాలి



వెబ్‌సైటు అంటే రంగులు, కదిలే బొమ్మలు అని మేము మొదట్లో అనుకునేవాళ్ళం. ఆ అభిప్రాయం మారడానికి ఒక సంఘటన కారణం. ఉపకార వేతనం దరఖాస్తు కోసం ఒకసారి మేము నలుగురం ఒకే ఫోనులో ఒక సైటు తెరిచాము. పేజీ నిండా పెద్ద పెద్ద ఫోటోలే. చివరి తేదీ మాత్రం స్కాన్ చేసి పెట్టిన నోటీసులో ఉంది. అది ఎంతకీ తెరుచుకోలేదు. తేదీ తెలిసేసరికి గడువు దాటి రెండు రోజులైంది. మాలో ఒకడు ఫీజు కోసం ఆ వేసవి అంతా కూలికి వెళ్ళాడు.

తర్వాత మన హాస్టల్ పూర్వ విద్యార్థుల కోసం మేమే ఒక చిన్న సైటు తయారు చేశాము. తీరా చూస్తే మేమూ అదే తప్పు చేశాము! దాన్ని సరిదిద్దుకుంటూ నేర్చుకున్న విషయాలు ఇవి.

1. బరువు తగ్గించాలి

వార్షికోత్సవం ఫోటోలు ఎనిమిది పెట్టాము. ఒక్కొక్కటి 2 ఎంబీ, మొత్తం 16 ఎంబీ. ఒక బైటుకు 8 బిట్లు కనుక, సెకనుకు 1 మెగాబిట్ వేగం వచ్చే ఊరిలో అవి దిగడానికి 128 సెకన్లు పడుతుంది. అంతసేపు ఎవరు ఆగుతారు? ఫోటోల వెడల్పు 800 పిక్సెళ్ళకు తగ్గించి, నాణ్యత కొంచెం తగ్గించి భద్రపరిస్తే ఒక్కొక్కటి 100 కేబీ దగ్గరకు వచ్చింది. ఇప్పుడు అన్నీ కలిపి ఏడు సెకన్లలోపే వస్తాయి.

2. అక్షరాన్ని అక్షరంగానే పెట్టాలి

నోటీసును ఫోటో తీసి పెట్టకండి, టైపు చేయండి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అంటే 3,000 సంకేతాలున్న పేజీ కూడా 9 కేబీయే. పైగా దాన్ని వెతకవచ్చు, కాపీ చేయవచ్చు. చూపులేని వారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ప్రెస్సులో వాడే పాత ఫాంట్లతో టైపు చేసింది అలాగే అతికిస్తే ఎదుటివారి ఫోనులో పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. పేజీ మొదట్లోనే చార్‌సెట్ యూటీఎఫ్-8 అనీ, భాష తెలుగు అనీ రాయడం మరువకండి.

3. చిన్న తెరకు సరిపోవాలి

వ్యూపోర్ట్ ట్యాగు రాయకపోతే ఫోను ఆ పేజీని కంప్యూటరు తెరకు చేసినదిగా భావించి కుదించి చూపిస్తుంది. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. తెలుగు వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఉండాలి. మేము లైన్-హైట్ 1.7 పెట్టుకున్నాము. అక్షరానికీ వెనుక రంగుకూ తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో నిలబడి చదివేవారికి కనిపించవు.

4. ఫారం నింపేవారిని ఏడిపించకూడదు

ఒక్క గడి తప్పయితే నింపినదంతా చెరిగిపోకూడదు. ఏ గడిలో ఏం తప్పో మాటల్లో చెప్పాలి. పేరుకు ఒకే గడి చాలు. మనలో ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరు ఒక్క పేరే రాసుకుంటారు. "చివరి పేరు తప్పనిసరి" అంటే వాళ్ళు ఏం రాయాలి?

5. కొత్తవారికి చూపించాలి

మా సైటు అయిపోయిందని సంబరపడి, హాస్టల్‌లో వంట చేసే అక్క చేతికి ఫోను ఇచ్చి, "వార్షికోత్సవం ఎప్పుడో చూసి చెప్పక్కా" అన్నాము. ఆమె కాసేపు కిందికీ పైకీ జరిపి, "తేదీ ఎక్కడ పెట్టారు నాయనా?" అంది. ఆ రాత్రే తేదీని మొదటి వరుసలోకి తెచ్చాము. మాకు దొరికిన మంచి పరీక్ష అదే.

ఇవన్నీ నేర్చుకోవడానికి ఖరీదైన కంప్యూటరు అక్కరలేదు. నోట్‌ప్యాడ్, ఒక బ్రౌజరు ఉంటే హెచ్.టి.ఎమ్.ఎల్. మొదలుపెట్టవచ్చు. మన ఇళ్ళలో మొదటిసారి దరఖాస్తు నింపింది మనలో చాలామందిమి. రేపు ఆ దరఖాస్తు పేజీని తయారు చేసే ఉద్యోగమూ మనకే రావచ్చు. ఆ రోజు, గడువు దాటిపోయిన మన మిత్రుణ్ణి గుర్తు పెట్టుకుందాం. చివరి తేదీని మొదటి వరుసలో రాద్దాం.