ఇంట్లో చేసుకునే పచ్చ బ్రెడ్డు: గ్రీన్ టీ పొడి మంచిదా, మునగాకు పొడి మంచిదా?



ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి వచ్చే బంధువుల చేతిలో తరచుగా కనిపించేది బ్రెడ్డు ప్యాకెట్టు. జ్వరం వచ్చినా, నోరు చేదుగా ఉన్నా, అన్నం సహించకపోయినా మనవాళ్ళకు ముందుగా గుర్తుకొచ్చేది బ్రెడ్డే. పాలల్లోనో టీలోనో ముంచి తినిపిస్తారు. ఈమధ్య కొందరు తల్లులు, చదువుకునే ఆడపిల్లలు మమ్మల్ని మరో ప్రశ్న అడుగుతున్నారు: "గ్రీన్ టీ పొడి కలిపి పచ్చని బ్రెడ్డు చేస్తారట కదా, అది ఆరోగ్యానికి మంచిదేనా? ఇంట్లో చేసుకోవచ్చా?"

చేసుకోవచ్చు. అయితే మన నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల కుటుంబాలు దానికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ పాఠంలో దానినే నేర్చుకుందాం.

గ్రీన్ టీ పొడి అంటే ఏమిటి?

మనం రోజూ తాగే టీ, గ్రీన్ టీ ఒకే మొక్క ఆకులనుండి వస్తాయి. ఆకును నలిపి, గాలి తగలనిచ్చి, నల్లబడనిచ్చి ఆరబెడితే మామూలు టీ. కోసిన వెంటనే ఆవిరి పట్టించి లేదా వేయించి, పచ్చదనం పోకుండా ఆరబెడితే గ్రీన్ టీ. బ్రెడ్డులో కలిపే మెత్తని పొడిని జపానువారు "మాచా" అంటారు. కోతకు ముందు కొన్ని వారాలపాటు మొక్కలకు నీడ కట్టి, లేత ఆకులను ఆవిరి పట్టించి, ఆరబెట్టి, రాతి తిరగలిలో విసురుతారు. ఐసాయ్ అనే బౌద్ధ భిక్షువు 1191లో చైనానుండి టీ గింజలను, పొడి టీ తాగే అలవాటును జపానుకు తెచ్చాడని చెబుతారు. బ్రెడ్డు మాత్రం ఆ దేశానికి 16వ శతాబ్దంలో పోర్చుగీసువారితో వచ్చింది. ఈ రెండూ కలిసినదే పచ్చ బ్రెడ్డు.

మామూలు టీలో ఆకును వడకట్టి పారేస్తాం. పొడి వాడితే ఆకు మొత్తం కడుపులోకి పోతుంది. అందుకే దానిలోని కెఫీన్, వగరు పదార్థాలు కూడా పూర్తిగా మన ఒంట్లోకి చేరతాయి. మనం ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసింది ఈ వగరు పదార్థాలనే.

వగరుకూ రక్తానికీ ఉన్న సంబంధం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. 6 నెలలనుండి 5 ఏళ్ళలోపు పిల్లల్లో నూటికి 63.2 మందికి ఉంది. అంటే ఈ పత్రిక చదువుతున్న ఇళ్ళలో చాలా ఇళ్ళకు ఇది సొంత సమస్యే.

"ఒంట్లో రక్తం లేదు" అని మనం అనుకునే ఈ స్థితిలో కొద్ది దూరం నడిచినా ఆయాసం వస్తుంది. కళ్ళ కింది రెప్ప లోపల, నాలుక, గోళ్ళు తెల్లబడతాయి. కొందరికి పచ్చి బియ్యం, బలపం, మట్టి తినాలనిపిస్తుంది. అది చెడ్డ అలవాటని తిట్టవద్దు, రక్త పరీక్ష చేయించండి. గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకంటే, పురుషునికి 13 గ్రాములకంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు.

రక్తం తయారీకి ఐరన్, అంటే ఇనుము కావాలి. మన ప్రాంతంలో ఐరన్ ఎక్కువగా జొన్నలు, గోధుమలు, పప్పులు, ఆకుకూరలనుండి వస్తుంది. ఈ రకం ఐరన్ సులభంగా ఒంటికి పట్టదు. టీలోని వగరు పదార్థాలు దానిని కడుపులోనే పట్టి ఉంచి, రక్తంలోకి పోనివ్వకుండా చేస్తాయి. 1975లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ఈ విషయాన్ని బ్రెడ్డుతోనే పరీక్షించి చూశారు. టీతో కలిపి తిన్నప్పుడు బ్రెడ్డులోని ఐరన్ ఒంటికి పట్టడం తగ్గింది. అన్నంతో చేసిన భోజనంలోనూ అలాగే జరిగింది.

గ్రీన్ టీలోనూ ఈ వగరు ఉంది. పచ్చ బ్రెడ్డు ఒక ముక్కలో పొడి అర గ్రాముకు మించదు కాబట్టి ఎప్పుడో ఒకసారి తింటే భయపడనక్కరలేదు. అయితే మన ఇళ్ళలో బ్రెడ్డు పక్కనే టీ గ్లాసు ఉంటుంది. ఆ గ్లాసులోని వగరు బ్రెడ్డులోని పొడికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి రక్తం తక్కువ ఉన్నవారి ఇంట్లో రెండు మార్పులు చేసుకోవాలి. బ్రెడ్డులో టీ పొడికి బదులు మునగాకు పొడి వేయండి. టీ గ్లాసును తిండికి ఒక గంటైనా దూరం పెట్టండి. ఈ రెంటిలో రెండవదే ముఖ్యమైనది.

మునగాకులో ఏముంది?

మునగచెట్టు మన పెరళ్ళలో, పొలం గట్లమీద ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో దాదాపు 4.5 మిల్లీగ్రాముల ఐరన్, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నాయి. కంటికి మేలు చేసే విటమిన్-ఎ ఇచ్చే పదార్థం కూడా సమృద్ధిగా ఉంది.

అయితే లెక్క సరిగా చూసుకోవాలి. కింద చెప్పిన బ్రెడ్డులో 10 గ్రాముల మునగాకు పొడి పడుతుంది. అంత పొడికి సుమారు 40 గ్రాముల పచ్చి ఆకు కావాలి. దానిలో ఉన్న ఐరన్ రెండు మిల్లీగ్రాములకు దగ్గర. పది ముక్కలు కోస్తే ముక్కకు 0.2 మిల్లీగ్రాములు. అదీ అంతా ఒంటికి పట్టదు. గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్ర ఒక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. కనుక "మునగాకు బ్రెడ్డు తింటున్నాం కదా" అని మాత్రలు మానివేయడం చాలా ప్రమాదం. బ్రెడ్డు ఆహారం, మాత్ర మందు. ఒకదాని పని మరొకటి చేయదు.

మరి ఈ బ్రెడ్డు ఎందుకు? ఆకుకూర అంటే మొహం తిప్పుకునే పిల్లలు దీనిని ఇష్టంగా తింటారు. మైదా తగ్గి గోధుమపిండి పెరుగుతుంది. మరొక మేలు ఈస్ట్‌వల్ల కలుగుతుంది. గోధుమపై పొట్టులో ఐరన్‌ను పట్టి ఉంచే పదార్థం ఉంటుంది. పిండి పులిసేటప్పుడు అది కొంత విరిగిపోతుంది. అందుకే పిండిని తొందరపడకుండా బాగా పొంగనివ్వాలి.

మునగాకు పొడి తయారీ

ముదిరి పసుపెక్కిన ఆకులు తీసివేసి, మంచి ఆకును రెండు మూడు నీళ్ళలో కడగండి. రెమ్మలనుండి దూసి, శుభ్రమైన గుడ్డమీద నీడలో, గాలి తగిలేచోట పరచండి. ఎండలో పెడితే విటమిన్-ఎ చాలావరకు పోతుంది. రెండు మూడు రోజుల్లో చేత్తో నలిపితే గలగలమని పొడి అవుతుంది. మిక్సీలో వేసి, జల్లించి, తడిలేని డబ్బాలో మూత బిగించి ఉంచండి. తేమ తగిలి ఉండకట్టినా, బూజు వాసన వచ్చినా పారవేయండి.

కావలసినవి

గోధుమపిండి 200 గ్రాములు, మైదా 100 గ్రాములు, మునగాకు పొడి 10 గ్రాములు (ఒకటిన్నర పెద్ద చెంచాలు), పొడి ఈస్ట్ ఒక చిన్న చెంచా, చక్కెర ఒక పెద్ద చెంచా, ఉప్పు ముప్పావు చిన్న చెంచా, నూనె రెండు పెద్ద చెంచాలు, గోరువెచ్చని నీళ్ళు సుమారు ఒక గ్లాసు (200 మిల్లీలీటర్లు). ఈస్ట్ బేకరీ సామాను అమ్మే అంగళ్ళలో దొరుకుతుంది.

చేసే విధానం

1. సగం గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చక్కెర, ఈస్ట్ కలిపి పది నిమిషాలు ఉంచండి. నురుగు రావాలి. రాకపోతే ఈస్ట్ పాతబడిందని అర్థం. నీళ్ళు వేలికి కాలేంత వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది.

2. రెండు పిండ్లు, మునగాకు పొడి, ఉప్పు పొడిగా ఉండగానే బాగా కలపండి. తరువాత ఈస్ట్ నీళ్ళు, మిగిలిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికంటే మెత్తగా కలపండి. నూనె వేసి పది నిమిషాలు బాగా పిసకండి.

3. తడిగుడ్డ కప్పి ఉంచండి. ఎండాకాలంలో గంటలోపే రెట్టింపు పొంగుతుంది. చలికాలంలో రెండు గంటలు పట్టవచ్చు.

4. పొంగిన పిండిని మెల్లగా అణచి, లోపల నూనె రాసిన స్టీలు డబ్బాలో సగం వరకు పెట్టండి. మళ్ళీ అరగంట పొంగనివ్వండి.

5. ఓవెన్ లేకపోయినా పరవాలేదు. మందపాటి పెద్ద గిన్నెలో అంగుళం మందాన శుభ్రమైన ఇసుక లేదా ఉప్పు పోసి, మూతపెట్టి పది పదిహేను నిమిషాలు వేడి చేయండి. లోపల చిన్న స్టాండు పెట్టి, దానిమీద డబ్బా ఉంచి, మూత పెట్టండి. సన్నని మంటమీద 40 నుండి 50 నిమిషాలు ఉంచండి. మొదటి అరగంట మూత తీయవద్దు. సన్నని పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

6. పూర్తిగా చల్లారాక కోయండి. రెండు రోజుల్లో తినివేయండి. బూజు పడితే ఆ భాగం గీకి తినవద్దు, మొత్తం పారవేయండి.

పచ్చరంగు కొంత ముదిరి కనిపిస్తుంది. అది వేడివల్ల వచ్చిన మార్పే. రంగు నిలవాలని వంట సోడా వేయవద్దు, విటమిన్లు పోతాయి. రక్తహీనత లేనివారు గ్రీన్ టీ రుచి చూడాలనుకుంటే మునగాకుకు బదులు రెండు చిన్న చెంచాల మెత్తని గ్రీన్ టీ పొడి వేసి ఇలాగే చేసుకోవచ్చు. టీ సంచుల్లోని ఆకు దీనికి పనికిరాదు. నిద్ర పట్టనివారు, గర్భిణులు కెఫీన్ సంగతి మరువకూడదు.

ఎలా తినాలి?

కాల్చినప్పుడు విటమిన్-సి దాదాపు పోతుంది. ఐరన్ ఒంటికి పట్టడానికి అది సహాయం చేస్తుంది కాబట్టి బ్రెడ్డుతోపాటు జామకాయ ముక్కలో, ఉసిరికాయో, నిమ్మరసం నీళ్ళో తీసుకోండి. చెనక్కాయల పొడి, ఉడికిన గుడ్డు తోడైతే పిల్లలకు మంచి పలహారం. మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్ళే తల్లులు ఆకు పొడిని డబ్బాలో వెంట తీసుకుపోవచ్చు. అక్కడ బ్రెడ్డు కాల్చే వీలుండదు. జొన్నరొట్టె పిండిలో, పప్పులో కలిపినా అంతే మేలు. మీ ఐరన్ మాత్రలు కూడా తప్పక వెంట తీసుకుపోండి.

వీరు జాగ్రత్తగా ఉండాలి

- షుగరు ఉన్నవారు: మునగాకు వేసినంత మాత్రాన బ్రెడ్డు షుగరు పెంచకుండా ఉండదు. రెండు ముక్కలు తింటే ఆ పూట అన్నం లేదా రొట్టె అంతమేర తగ్గించండి. చక్కెర వేయడం ఈస్ట్ కోసమే, దానిని పెంచవద్దు.
- గుండె కవాటం ఆపరేషన్ అయి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవారు: ఆకు పొడుల్లోని విటమిన్-కె మందు పనిని తగ్గించగలదు. డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.
- మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: ఆకు పొడులు వాడేముందు డాక్టరును అడగండి.
- గర్భిణులు: మునగాకు కూరలాగా తినవచ్చు. మునగ వేరు, బెరడు మందులుగా తీసుకోవద్దు.

ఐరన్ మాత్రను టీతో, కాఫీతో, పాలతో మింగవద్దు. నీళ్ళతో, వీలైతే నిమ్మరసం నీళ్ళతో మింగండి. విరేచనం నల్లగా వస్తే భయపడవద్దు, మాత్రవల్ల అలా అవుతుంది. మంచి తిండి, మాత్రలు తీసుకున్నా రక్తం పెరగకపోతే వేరే కారణం వెదకాలి. పొలంలో చెప్పులు లేకుండా తిరిగితే వచ్చే కొంకిపురుగులు, అధిక నెలసరి రక్తస్రావం, మొలలు, కడుపులో పుండు, ఏదైనా కావచ్చు. పురుషులకు, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు రక్తం తగ్గితే తప్పక పరీక్షలు చేయించాలి.

ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి

1. మన ఇంట్లో టీ ఎప్పుడు తాగుతున్నాం? తిండితోనా, తిండికి దూరంగానా?
2. ఇంట్లో ఎవరి హిమోగ్లోబిన్ ఎంత ఉందో మనకు తెలుసా? చివరిసారి ఎప్పుడు చూపించాం?
3. ఇచ్చిన ఐరన్ మాత్రలు డబ్బాలో మిగిలిపోయాయా? ఎందుకు?

మూడవ ప్రశ్నకు జవాబు "అవును" అయితే ఆ డబ్బాను తీసుకుని ఆసుపత్రికి రండి. కడుపులో తిప్పడం, మలబద్ధకంవంటి ఇబ్బందులకు మాత్ర వేళ మార్చో, తిన్న తరువాత ఇచ్చో దారి చూపవచ్చు. మాత్ర మాత్రం మానవద్దు.