అమెరికా చర్చి – గుండ్లకమ్మ తీరం

సైన్సు విద్యార్థికి మతం గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. కారణం వెతకడం, లెక్క చూడడం సైన్సు లక్షణమైతే, మతాన్ని కూడా ఆ దృష్టితో పరిశీలించవచ్చు. పైగా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వారికి అమెరికా క్రైస్తవం దూరపు ముచ్చట కాదు. మా పల్లెల్లో మాదిగపల్లె చివర కనిపించే చిన్న చర్చి చరిత్ర చాలాచోట్ల అక్కడి నుంచే మొదలవుతుంది. నేను రైతు బిడ్డను. ఆ చర్చిలో ప్రార్థన చేసేవారే మా చేలో కలుపు తీస్తారు. అందుకే యీ సంగతి తెలుసుకోవాలనిపించింది.

ముందు అమెరికా సంగతి చూద్దాం. 1791లో జరిగిన మొదటి రాజ్యాంగ సవరణ ప్రకారం అక్కడి కేంద్ర ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నిలపరాదు. కాబట్టి చర్చి బతకాలంటే జనం యిష్టపడి రావాలి, తమ జేబులోంచి చందా యివ్వాలి. యీ స్వచ్ఛంద పద్ధతి వల్లనే అక్కడ శాఖలు పెరిగాయి, పోటీ పెరిగింది, విదేశాలకు మిషనరీలను పంపే వుత్సాహమూ పెరిగింది. అదే దేశంలో బానిసత్వం మీద తగాదా వచ్చి 1845లో బాప్టిస్టులు వుత్తర, దక్షిణ శాఖలుగా చీలిపోయారు. మతం మంచిదైనంత మాత్రాన మనుషుల మధ్య గోడలు వాటంతట అవే కూలవని దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని ప్రారంభించి, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్ళు గడిచినా చేరినవారు వేళ్ళమీద లెక్కించదగినంత మందే. మిషన్ మూసివేద్దామన్న మాట కూడా వచ్చింది. ఒంటరిగా మిణుకుమనే చుక్క అనే అర్థంతో దానికి ‘లోన్ స్టార్’ మిషన్ అని పేరు పడింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చిన తర్వాత కథ మారింది. కనిగిరి ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు వూరూరా తిరిగి బోధించారు. అమెరికా నుంచి వచ్చినది బోధ. దాన్ని మన పల్లెల్లో నాటినవారు మనవాళ్ళే.

1876–78లో ఘోరమైన కరువు వచ్చింది. క్లౌ యౌవనంలో సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి కల్పించాడు. గమనించదగిన విషయమేమంటే, ఆ సహాయం సాగినన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఆయన ఎవరికీ బాప్తిస్మం యివ్వలేదు. కూటికోసం మతం మార్చుకున్నారనే మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, కిందికి సాగే గుండ్లకమ్మే అది. తర్వాత కంభంలోనూ, మార్కాపురంలోనూ మిషన్ కేంద్రాలు వెలిశాయి.

చేరినవారికి ముఖ్యమైన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. యివి వినడానికి చిన్నవే. కానీ వూరి కట్టుబాట్ల వేళ్ళు కదిలాయి. పిలిచిన రోజున పనికి రామని, జాతరలో డప్పు కొట్టమని చెప్పగలగడం ఆనాడు సామాన్యమా? భూస్వాములకు కోపం వచ్చింది, బెదిరింపులూ జరిగాయి. రైతు కుటుంబంలో పుట్టిన నేను యీ మాట దాచి రాస్తే అది చరిత్ర అనిపించుకోదు.

యిక్కడి అనుభవానికి అమెరికాలోని ఒక కొత్త ఆలోచనతో బంధుత్వం కూడా కలిసింది. క్లౌ రెండవ భార్య ఎమ్మా, వాల్టర్ రౌషన్‌బుష్‌కు అక్క. న్యూయార్కులో హెల్స్ కిచెన్ అనే పేదల పేట పక్కన పాస్టరుగా పనిచేసిన ఆయన, పేదల కూలి, యిల్లు, ఆరోగ్యం కూడా చర్చి పట్టించుకోవాలని 1907లో ప్రసిద్ధ గ్రంథం రాశాడు. ఎమ్మా మాదిగల జీవితం మీద 1899లోనే పుస్తకం వెలువరించింది.

మరి నేటి అమెరికా? తాము క్రైస్తవులమని చెప్పే పెద్దలు 2007లో 78 శాతం. 2023–24 ప్యూ సంస్థ సర్వేలో 62 శాతం. ఏ మతమూ లేదన్నవారు 16 శాతం నుంచి 29కి పెరిగారు. ఏదో ఒక ప్రార్థనాలయంలో సభ్యులమని చెప్పేవారు గ్యాలప్ లెక్కలో 1999లో 70 శాతం వుండగా, 2020కి 47కి దిగారు. ముసలివారి స్థానంలో వస్తున్న యువతరానికి చర్చితో అనుబంధం తక్కువ కావడం ముఖ్య కారణం. అయితే 2019 తరువాత యీ తగ్గుదల నెమ్మదించి, దాదాపు నిలకడగా వున్నదని ప్యూ చెప్తోంది. కాబట్టి అక్కడ మతం అంతరించిందనడం తొందరపాటే. స్వేచ్ఛగా చేరగలిగిన చోట స్వేచ్ఛగా వెళ్ళిపోవడం కూడా వుంటుంది. ఒకే స్వేచ్ఛకు అవి రెండు ముఖాలు.

మిత్రులారా! 2,222 అనే అంకె చాలామందికి తెలుసు. దానికి ముందు మట్టి తవ్విన నెలల లెక్క ఎందరికి గుర్తుంది? ఏ మతం బలమైనా హాజరుపట్టీలో వున్నదనుకుంటే పొరపాటు. ఆకలిగొన్నవాడికి షరతు లేకుండా పని చూపిందా, వంగిన నడుమును నిటారుగా నిలిపిందా అన్నదే చూడాలి. వర్షం మోసగించే మా పశ్చిమ ప్రాంతంలో యీ ప్రశ్న పాతబడలేదు. అది అమెరికా చర్చికే కాదు, మన గుడికీ మసీదుకూ, చదువుకున్న మనకూ వర్తిస్తుంది.