బుజ్జమ్మకు తాత ఉత్తరం



రాత్రి ఫోన్లో "ఖాళీగా ఉన్నాను తాతా, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" అన్నావు చూడు, అప్పటినుంచి నిద్ర పట్టలేదు తల్లీ. ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పినవాణ్ని కదా, నిరుద్యోగం పాఠం వచ్చిందంటే పుస్తకం పక్కనపెట్టి మన అనంతపురం పల్లెలనే చూపించేవాణ్ని. జూన్, జూలైల్లో వేరుశనగ విత్తి, దీపావళి తర్వాత కాయ ఇల్లు చేరిందంటే మళ్లీ వాన పడేదాకా చేతికి పనుండదు, జనం మూటలు సర్దుకుని బెంగళూరు బస్సెక్కుతారు, అది రుతు సంబంధ నిరుద్యోగం. అలాంటి రోజుల్లో పని చూపించే ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది, దాన్ని ఇప్పటికీ మనవాళ్లు కరువు పని అనే అంటారు. ఇంకో రకముంది, మీ చిన్నతాత చేను నీకు గుర్తుందా, నలుగురికి సరిపోయే పని అయిదుగురు చేసేవాళ్లు, ఒకడు పట్నం వెళ్లిపోయినా పంట ఒక్క మూట తగ్గలేదు. పొద్దంతా ఎండలో నడుం వంచినవాడు కూడా నిరుద్యోగే, పైకి కనబడడంతే. దానికే ప్రచ్ఛన్న నిరుద్యోగమని పేరు.

ధర్మవరం మగ్గం మామ మాత్రం నా మనసులోంచి పోడు. మరమగ్గాలొచ్చి గుంటమగ్గం ఆగిపోయాక బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు, చూడ్డానికి వెళితే కుర్చీలో కూర్చుని నాతో మాట్లాడుతున్నంతసేపూ పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలను నొక్కుతూనే ఉన్నాయి, కింద తొక్కుడుపలకలున్నట్టు. సర్కారు లెక్కలో ఆయనకు పని ఉంది. ఆ మాటకొస్తే, గత వారంలో ఒక్క గంట పని చేసినా పనిలో ఉన్నట్టే రాసుకునే లెక్క ఒకటుంది. తెల్లవారకముందే లేచి వంటా, నీళ్లూ, నా మందులూ చూసే మీ అమ్మ అటు ఉద్యోగుల్లోనూ లేదు, ఇటు నిరుద్యోగుల్లోనూ లేదు, ఆ లెక్క నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

నీ సంగతి వేరు తల్లీ. పై దేశాల నుంచి ఆర్డర్లు తగ్గి ప్రాజెక్టు మూసేస్తే వచ్చింది చక్రీయ నిరుద్యోగం. 2008 మాంద్యంలో ఎక్కడో అమెరికాలో బ్యాంకులు కూలితే ఇక్కడ మన పిల్లలు కంగారుపడ్డారు, వాళ్లలో ఎవరి చదువులోనూ లోపం లేదు. ఇప్పుడు నువ్వు ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్నావే, పనికీ మనిషికీ జత కుదిరేదాకా నడిచే కాలమది, దాన్ని సంఘృష్ట నిరుద్యోగమంటారు. ఖాళీ అనకు.

నీతోపాటు తీసేసిన ఆ ఒడిశా పిల్లకు నీకంటే ముందు రెజ్యూమె రాసిచ్చి, ఇంటర్వ్యూకు నీ చెప్పులిచ్చి పంపావట కదా, ఆ పిల్లే మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పింది. చిన్నప్పుడు బడికి పలకలు రెండు పట్టుకుపోయేదానివి, ఎవరైనా మర్చిపోయి వస్తారేమోనని.

గది అద్దెకు డబ్బు మీ మామ చేత పంపిస్తున్నాను, వద్దనకు. మీ అమ్మకు నువ్వే చెప్పు, ఆమెకు ఎప్పుడో తెలుసు, నీ నోట వినాలని చూస్తోంది. రాత్రిపూట అన్నం మానెయ్యకు. ఆ పిల్లకు ఉద్యోగం వచ్చిందో లేదో కూడా రాయి.

మీ తాత