స్వరాంతర రాగములు – శాస్త్రసమ్మతి
(బాలమురళీకృష్ణ నూతన రాగములపై వచ్చిన విమర్శకు సమీక్ష)

లక్ష్యమును అనుసరించి లక్షణము ఏర్పడుననుట సంగీతశాస్త్రమున ప్రసిద్ధము. అయినను నూతన లక్ష్యము పుట్టినపుడు దానిని పూర్వలక్షణముతోడనే కొలుచుట విమర్శకులకు పరిపాటి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) కల్పించిన రాగములకు ఎదురైన విమర్శ ఇట్టిదే. 72 మేళములందును కృతులు రచించిన ఈ వాగ్గేయకారుడు నాలుగు స్వరముల మహతి (స గ ప ని), లవంగి (స రి మ ధ) రాగములందును, మూడు స్వరముల సర్వశ్రీ (స మ ప) యందును కృతులు కూర్చి పాడెను. 1980 దశకమున వైణికుడు ఎస్. బాలచందర్ ఈ రాగసృష్టివాదమును బహిరంగముగా ఖండించెను.

ఈ విషయమున ఆక్షేపములు మూడు. ఐదు స్వరములకు తక్కువైనది రాగము కాదనుట మొదటిది. అట్టిదానికి జనకమేళము నిశ్చయింప వీలుకాదనుట రెండవది. స్వరములను ఏరుట సృష్టి కాదనుట మూడవది.

మొదటి ఆక్షేపమునకు శాస్త్రాధారము దుర్బలము. భరతుడు షాడవౌడువములను చెప్పి, అవకృష్ట ధ్రువలందు చతుఃస్వర ప్రయోగమును గూడ అంగీకరించెను. నాలుగు స్వరములది మార్గము కాదని బృహద్దేశియందు మతంగుడు చెప్పిన మాట నిజమే. కాని అతడు కాదన్నది మార్గత్వమును, గేయత్వమును గాదు. అట్టి గానము చేయు జనులలో శబర పుళిందాదులతో పాటు ఆంధ్ర ద్రావిడులను గూడ అతడు చేర్చుట గమనింపదగినది. నేటి రాగములన్నియు దేశికోటిలోనివి గనుక ఆ వాక్యము వీనికి నిషేధము కానేరదు. త్యాగరాజస్వామి కృతులు గల నవరసకన్నడకు (స గ మ ప), వివర్ధనికి (స రి మ ప) ఆరోహణము చతుఃస్వరమే. అవరోహణమున మాత్రము స్వరములు పెరుగును. కావున క్రొత్తదనమంతయు అవరోహణము గూడ నాలుగింటనే నిలుచుటయందున్నది.

రెండవ ఆక్షేపము గణితమునకు నిలుచును. అంతరగాంధార కైశికినిషాదములు గల మహతి 12 మేళములందును, శుద్ధస్వరముల లవంగి 9 మేళములందును, సర్వశ్రీ శుద్ధమధ్యమ మేళములు 36 ఇంటను ఇముడును. అయితే మోహన రాగము గూడ 28, 29, 64, 65 మేళములు నాలుగింట ఇముడును. దానిని హరికాంభోజి జన్యమనుట వ్యవహారమే. ఈ సందేహము వర్గీకరణకు సంబంధించినది గాని రాగత్వమునకు గాదు.

మూడవది బలమైనది. రంజకత్వము లేని స్వరసమూహము ప్రస్తారమే గాని రాగము గాదు. ఇచట స్వరముల ఎన్నికను పరిశీలింపవలెను. తొమ్మిది లేక పదమూడు శ్రుతుల అంతరము గలవి సంవాదులని భరతుని మతము. సర్వశ్రీయందు షడ్జమునకు మధ్యమ పంచమములు రెండును సంవాదులే. లవంగియందు స–మ, రి–ధ జంటలు సంవదించును. మహతియందు స–ప సంవాదము గలదు, గ–ని జంటకు లేదు. ఆ రాగమునందలి ఆర్తికి ఈ వైషమ్యమే కారణము కావచ్చును. కావున ఈ ఎన్నిక యాదృచ్ఛికము గాదు.

అయినను సంచారమునకు చోటు స్వల్పమైనపుడు గమకమును, కాలమును, కంఠమును ఆశ్రయింపక తప్పదు. బాలమురళి గళము త్రిస్థాయులందును అనాయాసముగ సంచరించెడిది. శ్రోతలు పొందిన రంజకత్వమున రాగము పాలెంత, గాయకుని పాలెంత అనునదే విమర్శకులు అడుగవలసిన ప్రశ్న. స్వరసంఖ్యపై వాదించిన ఇరుపక్షముల వారును దీనిని విడిచిరి.

దీనికి సమాధానము పరప్రయోగము. 1975లో ఎం.ఎస్. విశ్వనాథన్ 'అపూర్వ రాగంగళ్' తమిళ చలనచిత్రమున ఒక పాటకు మహతిని గ్రహించెను. ఆ పాటను పాడినది వేరొక గాయకుడు, అయినను రాగము నిలిచెను. తక్కినవి గూడ ఇట్లే ఇతరుల కంఠములందు, వాద్యములందు నిలిచినపుడే లక్షణగ్రంథమునకు ఎక్కదగును. శాస్త్రము వానికి అడ్డు చెప్పదు, వానిని ముందుగ ఆమోదింపదు.