నల్లగొండ లోక్‌సభ నియోజకవర్గం – ఒక పరిచయం



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మీరు అడిగినప్పుడు, పూర్వ విద్యార్థులమైన మేము కొందరం కూర్చుని ఆలోచించాము. హాస్టల్ జ్ఞాపకాలు ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నాము. ఈసారి పోటీ పరీక్షలకూ పనికివచ్చే విధంగా, మనం ఓటు వేసే పార్లమెంటు నియోజకవర్గం గురించి రాయాలనుకున్నాము. మీలో ఇంటర్ చదివేవారికి త్వరలోనే ఓటు హక్కు వస్తుంది కదా!

నల్లగొండ పాత పేరు నీలగిరి అని పెద్దలు చెబుతారు. నేటి నియోజకవర్గంలో దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ అనే ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. వీటిలో దేవరకొండ షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయినది. 2016లో జిల్లాల విభజన జరిగాక ఈ ఏడింటిలో మూడు సూర్యాపేట జిల్లాలోకి వెళ్ళాయి. 2008 పునర్విభజనకు ముందు మిర్యాలగూడ కూడా విడిగా పార్లమెంటు స్థానమే. ఆ పునర్విభజనతో అది రద్దయి, భువనగిరి కొత్తగా వచ్చింది. మునుగోడు, నకిరేకల్, తుంగతుర్తి భువనగిరిలో చేరాయి.

ఇక చరిత్ర. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. కొద్ది నెలల్లోనే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందువల్ల ఆ నాయకులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి 3 లక్షలకు పైగా ఓట్లతో గెలిచారు. అంటే ప్రధాని నెహ్రూకు తన నియోజకవర్గంలో వచ్చిన ఓట్లకంటే ఎక్కువ! ఈ సంగతి మన జిల్లాలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

కానీ ఆ ఎన్నికలో నల్లగొండ నుండి ఇద్దరు గెలిచారని ఎంతమందికి తెలుసు? అప్పుడు నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం. అంటే ఒకే నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు, ఒకటి జనరల్ సీటు, రెండవది షెడ్యూల్డు కులాల సీటు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిమీద గుర్తు. ఓటరు తన చీటీని నచ్చిన పెట్టెలో వేయాలి. ఆ రిజర్వుడు సీటులో ఫ్రంటు తరఫున సుంకం అచ్చాలు గెలిచారు. రావి నారాయణరెడ్డి గారి పేరు పక్కన ఆయన పేరు చెప్పేవారు లేకపోవడం మాకు బాధ కలిగించే విషయం. మన హాస్టల్ గోడమీద జిల్లా ప్రముఖుల పేర్లు రాసేటప్పుడు ఆ పేరు కూడా రాయండి. 1957లోనూ ఇలాగే ఇద్దరు ఎన్నికయ్యారు. 1961లో చట్టం చేసి ద్విసభ్య పద్ధతిని రద్దు చేశారు. ఆ తరువాత నల్లగొండ జనరల్ స్థానంగానే ఉంది.

1962లో రావి నారాయణరెడ్డి మళ్ళీ గెలిచారు. 1967లో కాంగ్రెస్, 1969 ఉద్యమం తరువాత 1971లో తెలంగాణ ప్రజా సమితి, 1984లో తెలుగుదేశం, ఇలా గాలి మారినప్పుడల్లా ఇక్కడా ఫలితం మారింది. 1991, 1996లలో సి.పి.ఐ. నుండి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. గీత కార్మికుల నాయకుడాయన. నిజాం కాలంలో సూర్యాపేటలో విద్యార్థుల కోసం హాస్టల్ నడిపిన మనిషి కూడా. 1998, 2004లలో సురవరం సుధాకరరెడ్డి, 2019లో ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, 2024లో 5 లక్షలకు పైగా ఆధిక్యంతో కుందూరు రఘువీర్ గెలిచారు.

ఇప్పుడు 1996 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పుడు మేము హాస్టల్‌లో హైస్కూలు చదువుతున్నాము. మన జిల్లా భూమి గ్రానైటు రాళ్ళది. ఆ రాళ్ళలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కలుస్తుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదం. బోరు నీళ్ళు తాగి పెరిగిన మా పళ్ళమీద పసుపు, గోధుమరంగు చారలుండేవి. గ్రూప్ ఫోటో తీసేటప్పుడు మాలో చాలామందిమి నోరు మూసుకునే నవ్వేవాళ్ళము. చిన్నతనంలో, పళ్ళు తయారయ్యే వయసులో పడిన ఆ మచ్చ ఎంత తోమినా పోదని తరువాత తెలిసింది. ఊళ్ళలో కాళ్ళు వంకరపోయినవారు, నడుము వంగిపోయినవారు ఇంటింటికీ ఉండేవారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి శాస్త్రవేత్తలు ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. లోకానికి మన ఊరి పేరు అలా తెలిసింది!

కృష్ణా నది మన జిల్లా అంచునే పారుతుంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పండింది, రైసుమిల్లులు వచ్చాయి. ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు వైపు మాత్రం బోరు నీళ్ళే గతి. ఎన్ని వినతిపత్రాలిచ్చినా కదలిక లేకపోవడంతో జలసాధన సమితి ఒక ఉపాయం ఆలోచించింది. 1996 లోక్‌సభ ఎన్నికలో గుంపులుగా నామినేషన్లు వేయించింది. చివరకు 480 మంది పోటీలో నిలిచారు. 480 పేర్లు, 480 గుర్తులు ఉన్న బ్యాలెట్! దేశమంతా నల్లగొండ నీళ్ళ గురించి మాట్లాడుకుంది. 477 మందికి డిపాజిట్లు పోయాయి. పోతాయని వారికి ముందే తెలుసు.

దీనికి ప్రభుత్వం నుండి వచ్చిన మొదటి జవాబు నీళ్ళు కావు. అదే ఏడు చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుండి 10,000 రూపాయలకు పెంచారు. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు 250 ఉన్నది 5,000 అయింది. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. 2010లో మళ్ళీ పెంచి 25,000, 12,500 చేశారు. బ్యాలెట్ బారెడు కాకూడదు, నిజమే. కానీ డబ్బులేనివాడు తన గోడు చెప్పుకునే తోవ మీదనే ఈ గేటు పెట్టారని మా అభిప్రాయం. అయినా 2019లో నిజామాబాద్ రైతులు పసుపు ధర కోసం ఇదే పని చేశారు. అక్కడ 185 మంది నిలబడితే ఒక్కొక్క బూత్‌లో 12 ఓటింగ్ యూనిట్లు కలపవలసి వచ్చింది.

నీళ్ళు ఆలస్యంగానే వచ్చాయి. అక్కంపల్లి జలాశయం నుండి 2004లో హైదరాబాదుకు కృష్ణా నీళ్ళు వెళ్ళాయి. మన పల్లెల పక్కనుండే ఆ పైపులు పోతుంటే మేము చూశాము. తరువాత 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లా వచ్చింది. సాగునీటి కోసం తలపెట్టిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం సుమారు 44 కిలోమీటర్లది. 2025 ఫిబ్రవరి 22న అది కూలి 8 మంది లోపల చిక్కుకొని ప్రాణాలు కోల్పోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుండో మన నీళ్ళ కోసం పనికి వచ్చినవారు.

మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు మీ అందరితో ఫోటో దిగాము. చిన్న తరగతుల పిల్లలు పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. పళ్ళు తెల్లగా ఉన్నాయి. వెనుక వరుసలో మేము, అలవాటు ప్రకారం, నోరు మూసుకునే ఉన్నాము.